నెత్తురులో మిగిలే లెక్క

2020 మే నెల. లాక్‌డౌన్ ఇంకా పూర్తిగా ఎత్తలేదు. జనగామ జిల్లాలో పది చోట్ల, మొత్తం 400 మంది పెద్దవాళ్ల రక్తం తీసుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సీరో సర్వే, అంటే రక్త పరీక్షల సర్వే, బృందం ఊళ్లకు వెళ్లింది. వాళ్లు వెతికింది అప్పుడున్న జబ్బు కోసం కాదు. కరోనా వైరస్ ఎప్పుడో వచ్చి, మనిషికి తెలియకుండానే పోయిందా అని చూశారు. తెలంగాణలో ఎంచుకున్న మూడు జిల్లాలు జనగామ, కామారెడ్డి, నల్లగొండ. వైరస్‌ను గుర్తుపట్టి పట్టుకోవడానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రొటీన్లు, అంటే యాంటీబాడీలు, మొదటిసారి మూడింట్లో కలిపి కనిపించింది 0.33 శాతం మందిలో. ఆగస్టులో మళ్లీ చూస్తే 12.2 శాతం. ఒక్క జనగామలోనే 18.2. ముక్కులో పుల్ల పెట్టి చేసే పరీక్షకు దొరకనిది నెత్తురులో దొరికింది.

మశూచి వచ్చినప్పుడు 'అమ్మవారు పోసింది' అనేవాళ్లు మన పెద్దలు. ఒకసారి పోసినవాళ్లకు మళ్లీ పోయదని వాళ్లకు అనుభవంతో తెలుసు. ఒంట్లో తయారైన రక్షణ రక్తంలోనే ఉంటుందని 1890లో బేరింగ్, కితసాతో అనే శాస్త్రవేత్తలు జంతువుల మీద ప్రయోగాలతో చూపించారు. ఆ రక్షణ ఎంతకాలం ఉంటుంది? 1918 ఫ్లూ నుంచి బయటపడిన 32 మందిని తొంభై ఏళ్ల తర్వాత పరీక్షిస్తే, ఆ వైరస్‌ను గుర్తుపట్టే యాంటీబాడీలు వాళ్లలో ఇంకా ఉన్నాయని 2008లో తేలింది.

అయితే యాంటీబాడీ ఉంటే చాలు, భయం లేదు అనుకోవడానికి వీల్లేదు. వానలు పడ్డాక ములుగు, భూపాలపల్లి వైపు నుంచి జ్వరాలతో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వచ్చేవాళ్లకు డెంగీ సంగతి చెప్పక్కర్లేదు. డెంగీలో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గాక ఇంకో రకం సోకితే, పాత యాంటీబాడీలు కొత్త వైరస్‌ను పట్టుకుంటాయి గానీ చంపలేవు. పైగా దాన్ని కణాల్లోకి తామే మోసుకెళ్తాయి. అందుకే రెండోసారి వచ్చే డెంగీతో ముప్పు ఎక్కువ. ఫిలిప్పీన్స్‌లో 8 లక్షలకు పైగా పిల్లలకు డెంగీ టీకా వేశాక, అంతకుముందు డెంగీ రానివాళ్లకు దానివల్ల ముప్పు పెరగవచ్చని 2017లో తయారీ కంపెనీయే ప్రకటించింది. ఆ కార్యక్రమం అక్కడితో ఆగిపోయింది. ముందు రక్తం చూడాలి, తర్వాతే టీకా అన్న పాఠం అంత ఖరీదు పెట్టి నేర్చుకున్నారు.

ఏ యాంటీబాడీ వైరస్‌ను ఎక్కడ పట్టుకుంటుంది, ఏది అడ్డుకుంటుంది, ఏది చేటు చేస్తుంది? పీహెచ్‌డీ ముగించుకుని పోస్ట్‌డాక్‌లుగా చేరిన యువ పరిశోధకులు ఏళ్ల తరబడి కూర్చుని తేల్చే పని ఇదే. దానికి రక్తం కావాలి. ఒక్కసారి తీసింది చాలదు. అవే మనుషుల దగ్గర వానాకాలానికి ముందు, తర్వాత తీసి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచిన రక్తం కావాలి. కాకతీయ మెడికల్ కాలేజీలో కరోనా పరీక్షలు 2020లో మొదలయ్యాయి. అప్పుడు వైరస్ ఉందో లేదో చెప్పే ఆ పరీక్ష అవసరమే. అంతకుముందు ఏం జరిగిందో మాత్రం దాచిన రక్తమే చెప్పాలి.

2020 మేడారం జాతర ఫిబ్రవరి 8న ముగిసింది. రాష్ట్రంలో మొదటి కరోనా కేసు మార్చి 2న బయటపడింది. మధ్యలో ఉన్నది 23 రోజులు. ఆ జాతర జనంలో వైరస్ అప్పటికే ఉందో లేదో చెప్పగలిగేది అప్పుడు దాచిన రక్తమే.