బొజ్జకీ క్యాన్సర్‌కీ లంకె ఎలా బయటపడింది?

2025 మార్చిలో తూర్పుగోదావరి జిల్లా బిక్కవోలు మండలం బలభద్రపురంలో క్యాన్సర్ కేసులు ఎక్కువగా ఉన్నాయన్న వార్త గుప్పుమంది. వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగాయి. జనం అనుమానమంతా నీళ్ళ మీద, ఫ్యాక్టరీల మీద. అనుమానించడంలో తప్పేం లేదు. ఆ ఊళ్ళో కారణం కొవ్వేనని చెప్పడం నా ఉద్దేశమూ కాదు. కాకపోతే క్యాన్సర్ అనగానే మనం బయటి శత్రువునే వెతుకుతాం, నడుము చుట్టూ పేరుకున్నదాని జోలికి పోము.

గోదావరి జిల్లాల్లో అది ఎత్తడానికి ఇబ్బందైన మాట. కరువులు చూసిన నేల ఇది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే డెల్టా అన్నపూర్ణ అయింది. ఒళ్ళు చేయడం కలిమికి గుర్తయింది. 'కాస్త ఒళ్ళొచ్చి నిండుగా ఉన్నావురా' అంటే ఇప్పటికీ మెచ్చుకోలే. ఈలోగా కోత మెషిన్లొచ్చాయి, చేలగట్టు దాకా బండి మీదే వెళ్తున్నాం, కంచంలో తెల్లన్నం మాత్రం తగ్గలేదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్ళలో మరణాలకు కారణాలు లెక్కగడితే, గుండె, రక్తనాళాల జబ్బులవే 32 శాతం. అంటువ్యాధులు 12, క్యాన్సర్ 7.

కొవ్వు మీద అనుమానం మొదలైంది మాత్రం ఇక్కడికి చాలా దూరంలో. గ్లాస్గో సర్జన్ జార్జ్ బీట్సన్ అండాశయాలు తీసేస్తే కొందరిలో రొమ్ము గడ్డ కరుగుతోందని 1896లో రాశాడు. అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోనే గడ్డను పెంచుతోందని తర్వాత తేలింది. మరి నెలసరి ఆగి, అండాశయాలు పని మానేసినవాళ్ళకి ఆ ఈస్ట్రోజెన్ ఎక్కణ్ణుంచి వస్తోంది? జవాబు 1970ల్లో దొరికింది. కొవ్వులో ఉండే అరోమటేజ్ అనే ఎంజైమ్ పురుష హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తుంది. ఇవాళ అమలాపురంలోనో భీమవరంలోనో మెనోపాజ్ దాటిన రొమ్ము క్యాన్సర్ పేషెంట్ రోజుకొకటి వేసుకునే లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాముల మాత్ర అడ్డుకునేది ఆ ఎంజైమ్‌నే.

అయినా కొవ్వంటే ధాన్యం పోసుకునే గాదె లాంటిదన్న ఆలోచన చాలాకాలం పోలేదు. 1994లో కొవ్వు కణాలు వదిలే లెప్టిన్ అనే హార్మోన్ బయటపడ్డాకే అది హార్మోన్లు వదిలే గ్రంథి అని అందరూ ఒప్పుకున్నారు. 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అధిక కొవ్వుతో ముడిపడ్డవి 13 రకాలని తేల్చింది. గర్భసంచి లోపొర, పెద్దపేగు, కాలేయం, పాంక్రియాస్, కిడ్నీ అందులో ఉన్నాయి. మన దగ్గర ఎక్కువగా కనిపించే నోటి క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ లేవు. అక్కడ అసలు దోషులు పొగాకు, హెచ్‌పీవీ వైరస్.

అండాశయ క్యాన్సర్ తరచూ పేగుల ముందు వేలాడే కొవ్వు పొరకి పాకుతుంది. ఎందుకో 2011లో షికాగో పరిశోధకులు చూపించారు. అక్కడి కొవ్వు కణాలు తమ ఫ్యాటీ యాసిడ్లను క్యాన్సర్ కణాలకు అందిస్తున్నాయి, అవి వాటిని కాల్చుకుని బతుకుతున్నాయి.

వైద్యంలోనూ చిక్కు వచ్చింది. లావుగా ఉన్నవాళ్ళకి మందు ఎక్కువై వికటిస్తుందేమోనన్న భయంతో కీమో డోసు తగ్గించే అలవాటు ఉండేది. అసలు బరువును బట్టే పూర్తి డోసు ఇవ్వాలని 2012లో అమెరికా క్లినికల్ ఆంకాలజీ సొసైటీ మార్గదర్శకాలిచ్చింది. అలాగని కీమో నడుస్తుండగా బరువు తగ్గాలని కడుపు మాడ్చుకుంటే కండ కరిగి మొదటికే మోసం వస్తుంది.

మనకి ఇంకో మెలిక ఉంది. చేతులూ కాళ్ళూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చే ఒళ్ళు మనది. అందుకే భారతీయులకి నడుము కొలత హద్దు మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లుగా పెట్టారు. తూకం యంత్రం 'ఫర్వాలేదు' అన్నా టేపు ఒప్పుకోకపోవచ్చు.

2025లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ బృందం జన్యువుల పనితీరు మార్చే క్రిస్పర్ పద్ధతితో, కొవ్వును దాచిపెట్టే తెల్ల కొవ్వు కణాల్ని పోషకాలు తెగ కాల్చే రకంగా మార్చి ఎలుకల్లో పెట్టింది. గడ్డలకి తిండి దక్కక ఎదుగుదల తగ్గింది. ఇది ఎలుకల ముచ్చటే, మనుషుల వైద్యంగా ఇంకా రాలేదు.