పళ్ళపొడి గురించి అడిగారుగా, పిల్లలూ

పిల్లలకు,

సెలవులకు వచ్చినప్పుడు మీరు రెండు ప్రశ్నలు అడిగారు. పేస్టు లేని రోజుల్లో దేంతో తోముకునేవాళ్ళు, అమ్మమ్మ పళ్ళ మీద ఆ గోధుమరంగు చారలు అందుకే వచ్చాయా అని. మొదటిదానికి అప్పుడే కొంత చెప్పాను. రెండోది రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మా కనిగిరి వైపు మెట్ట ఊళ్ళలో పొద్దున్నే ఎవరి నోట్లో చూసినా పందుంపుల్లే. వేప, కానుగ, తుమ్మ, ఏది దొరికితే అది. కొస మెత్తగా నమిలి దాంతో తోముకుని, ఆఖర్న నిలువునా చీల్చి నాలుక గీసుకునేవాళ్ళం. పుల్ల లేకపోతే కచ్చిక, అంటే కాలిన పిడక. దాన్ని నలిపి కాస్త ఉప్పు కలిపి వేలితో రుద్దుకోవడమే. కొందరు బొగ్గు, కొందరు ఇటుక పొడి వాడేవారు.

కొట్లో పళ్ళపొడి కొనుక్కోవడం మాకు గొప్ప సంగతి. నల్లటి మంకీ బ్రాండు, గులాబిరంగు గోపాల్ పళ్ళపొడి, మైసూరు దగ్గర నంజనగూడులో చేసే పొడి, తెల్లటి కోల్గేట్ పొడి. తియ్యగా ఉంటుందని పిల్లలం కొంత మింగేసేవాళ్ళం కూడా. పొడికి బ్రష్షు అక్కర్లేదు, వేలు చాలు. పేస్టు వచ్చిన చాలా ఏళ్ళ దాకా పల్లెల్లో పొడి నిలబడింది అందుకే. మా పెద్దవాళ్ళు కొందరు ముక్కుపొడుమే చిగుళ్ళకు రాసుకునేవారు. అది పొగాకు, నోటికి చాలా చేటు. పళ్ళపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపకూడదని ప్రభుత్వం 1992లో నిషేధం పెట్టింది.

పేస్టు అంటే నాకు ముందు గుర్తొచ్చేది బినాకా. ఆ పెట్టెలో చిన్న చిన్న ప్లాస్టిక్ జంతువుల బొమ్మలు వచ్చేవి. వాటి కోసం ఎంత పోటీపడేవాళ్ళమో! ఆ పేరుతోనే రేడియో సిలోన్‌లో 1952 నుంచి బినాకా గీత్‌మాలా అనే హిందీ సినిమా పాటల కార్యక్రమం వచ్చేది. హిందీ రాకపోయినా బుధవారం రాత్రి రేడియో చుట్టూ చేరేవాళ్ళం. అప్పటి ట్యూబు లోహంతో చేసింది, ఎక్కడ నొక్కితే అక్కడే అణిగిపోయేది. అడుగు నుంచి చుట్టుకుంటూ వచ్చి, చివరికి బ్లేడుతో కోసి లోపల మిగిలింది కూడా గీసుకునేవాళ్ళం.

ఇంతకీ వీటిలో ఏది మంచిది? నేను సైన్సు టీచర్ని కదా, లెక్కతోనే చెబుతాను. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలమానం ఉంది. మన పంటి పైపొర, పుస్తకాల్లో పింగాణి అంటారే, దాని గట్టిదనం 5. సుద్దలో ఉండే కాల్షియం కార్బొనేట్‌ది 3. ఇసుకది 7. తెల్ల పొడుల్లో, చాలా పేస్టుల్లో సుద్దలాంటి పదార్థమే ఉంటుంది కాబట్టి మురికి పోతుంది, పన్ను పెద్దగా అరగదు. ఇటుక పొడిలో ఇసుక ఉంటుంది. రోజూ దాంతో రుద్దితే పన్ను తళతళలాడుతుంది, కానీ ఆ తళతళ వెనక పింగాణి అరిగిపోతూ ఉంటుంది. ఒకసారి అరిగితే మళ్ళీ పుట్టదు. "ఆ రోజుల్లో బూడిదతో తోముకున్నా పళ్ళు ఉక్కులా ఉండేవి" అని ఎవరైనా అంటే పూర్తిగా నమ్మకండి. యాభై ఏళ్ళకే బోసినోరు అయినవాళ్ళను నేను చాలామందిని చూశాను.

ఇక నా పళ్ళ చారలు. మా ఊళ్ళో ఇవి సగం మంది పిల్లలకు ఉండేవి. బడిలో "పళ్ళు తోముకోవడం కూడా రాదా" అని అందరి ముందూ నిలబెట్టి తిట్టేవారు. ఆడపిల్లలం నవ్వు వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళం. పెళ్ళిచూపుల్లో పెదవి విప్పకుండా కూర్చునేవాళ్ళు. ఇంట్లో అమ్మలు ఇటుక పొడితో చిగుళ్ళు రక్తం కారేదాకా రుద్దేవారు. చారలు పోలేదు. పోవు కూడా. ఎందుకంటే అవి పైన అంటిన మురికి కాదు. ఎనిమిదేళ్ళ లోపు, పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే, తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువైతే పింగాణి సరిగ్గా కట్టదు. అంతే. ఆ పిల్లల తప్పు ఇసుమంత కూడా లేదు.

కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాలోని ఈ జబ్బు గురించి 1937లోనే షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు వైద్య పత్రికలో రాశారు. మేము తిట్లు తిన్నది ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు! ఆ సంగతి ఊళ్ళ దాకా ఎవరూ తీసుకురాలేదని నాకు ఇప్పటికీ బాధే. నీళ్ళలో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువైతే ఎముకలకు పాకుతుంది, నడుము వంగిపోతుంది. నల్గొండ జిల్లా పడ్డ కష్టం మీరు వినే ఉంటారు. నీళ్ళు కాచినా ఫ్లోరైడ్ పోదు. పటిక, సున్నం వేసి దాన్ని తీసే విధానానికి నల్గొండ పద్ధతి అనే పేరు.

మరి ఆ ఫ్లోరైడే పేస్టులో ఎందుకు వేస్తారు? అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో మెకే అనే దంతవైద్యుడు ఇలాంటి చారల పళ్ళనే చూసి, అవి తొందరగా పుచ్చడం లేదని గమనించాడు. కారణం నీళ్ళలోని ఫ్లోరైడ్ అని 1931లో తేలింది. కొద్దిగా ఉంటే పింగాణికి బలం, ఎక్కువైతే చేటు. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశంలో హద్దు. పేస్టులో గ్రాముకు సుమారు 1 మిల్లీగ్రాము దాకా ఉంటుంది. అందుకే పేస్టు ఉమ్మేయాలి, పళ్ళపొడిలా మింగకూడదు. ప్రకటనల్లో బ్రష్షు నిండా పరుస్తారు చూడండి, అంత అస్సలు వద్దు. మీకు బఠాణీ గింజంత చాలు. మూడేళ్ళు నిండని బుజ్జిదానికి బియ్యపు గింజంత.

మీ పేస్టు పెట్టె మీద ఫ్లోరైడ్ ఎంతని రాశారో చూసి నాకు రాయండి. మీ బడిలో తాగే నీళ్ళు ఎక్కడివో, పరీక్ష చేయించారో లేదో కూడా మీ టీచర్ని అడగండి. మీ క్లాసులో చారల పళ్ళున్న పిల్లలు ఎవరైనా ఉంటే ఈ ఉత్తరం వాళ్ళకూ చదివి వినిపించండి.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ