కాంతి సంవత్సరానికి ఎన్ని కిలోమీటర్లు?

కాంతి ఏడాదిలో వెళ్లే దూరమే కాంతి సంవత్సరం. దాన్ని కిలోమీటర్లలోకి మార్చడానికి రెండు గుణకారాలు చాలు. ఖగోళ శాస్త్రజ్ఞులు ఏడాదికి 365.25 రోజులుగా లెక్కిస్తారు. రోజుకు 86,400 సెకన్ల చొప్పున 3,15,57,600 సెకన్లు. కాంతి సెకనుకు 2,99,792.458 కిలోమీటర్లు వెళ్తుంది. రెండూ గుణిస్తే 94,60,73,04,72,580.8 కిలోమీటర్లు. అంటే దాదాపు 9 లక్షల 46 వేల కోట్లు. ఇందులో ఒక్క అంకె కూడా అంచనా కాదు. 1983 నుంచి మీటరును కాంతి వేగంతోనే నిర్వచిస్తున్నారు కదా!

చిక్కంతా మనం మార్చబోయే దూరంతోనే. నక్షత్రం దాకా టేపు పట్టుకుని వెళ్లలేం. కొలవగలిగేది కోణాన్ని మాత్రమే. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే, దగ్గరి నక్షత్రం తన వెనకాల ఎంతో దూరాన ఉన్న నక్షత్రాల మధ్య కాస్త అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తుంది. 1838లో జర్మన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు బెసెల్ 61 సిగ్నీ అనే నక్షత్రానికి ఆ జరుగుడును పట్టుకున్నాడు. అందులో సగం 0.314 ఆర్క్ సెకన్లని తేల్చాడు. ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు. ఒకటిని ఆ కోణంతో భాగిస్తే దూరం పార్సెక్కుల్లో వస్తుంది: 3.18. పార్సెక్కుకు 3.26 కాంతి సంవత్సరాలు కాబట్టి సుమారు 10.4 కాంతి సంవత్సరాలు.

ఇప్పటి కొలతల్లో ఆ కోణం 0.286 ఆర్క్ సెకన్లు, దూరం 11.4 కాంతి సంవత్సరాలు. కోణంలో తేడా డిగ్రీలో లక్షో వంతు కూడా లేదు. కిలోమీటర్లలోకి వచ్చేసరికి అదే దాదాపు 9 లక్షల 46 వేల కోట్లయింది! అప్పటి పరికరాలతో బెసెల్ అంత దగ్గరగా రావడమే నాకు అద్భుతంగా తోస్తుంది.

ఆరుద్ర నక్షత్రం (బెటెల్‌గూస్) దగ్గర పరిస్థితి ఇంకా కష్టం. మనకు కనిపించే దాని బింబమే, అది జరిగే కోణం కన్నా పెద్దది. పైగా ఉపరితలం ఉడుకుతూ ఉండడంతో వెలుగు ఒకచోట నిలవదు. అందుకే దూరం 500కు పైబడి 700 కాంతి సంవత్సరాల దాకా రకరకాల అంచనాలున్నాయి. వాటిలో ఒకదాన్ని తీసుకుని కిలోమీటర్లలో చివరి అంకె దాకా రాస్తే, మొదటి అంకెకే గ్యారంటీ లేని సంఖ్యకు లేని కచ్చితత్వాన్ని అంటగట్టినట్టే. కొలతలో ఎన్ని అంకెలు నమ్మదగినవో, మార్పిడి తర్వాతా అన్నే ఉంచాలి. తక్కినవి సున్నాలే.

సౌరకుటుంబం లోపలికి ఆస్ట్రనామికల్ యూనిట్ చక్కగా సరిపోతుంది. సూర్యుడికీ భూమికీ మధ్య సగటు దూరం అది, 14 కోట్ల 96 లక్షల కిలోమీటర్లు. దాన్ని ఒక్క మీటరుకు కుదించి చూడండి. సూర్యుడు 9 మిల్లీమీటర్ల గోళీ, భూమి మిల్లీమీటరులో పదో వంతు కూడా లేని నలుసు. నెప్ట్యూన్ 30 మీటర్ల దూరంలో ఉంటుంది. మరి సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా? దాదాపు 268 కిలోమీటర్ల అవతల!

కిలోమీటర్లు నిజంగా పనికొచ్చేది చంద్రుడి దగ్గర. సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. 1969లో అపోలో 11 వ్యోమగాములు అక్కడ పెట్టిన అద్దాల మీదికి లేజర్ కాంతిని పంపి, తిరిగి రావడానికి పట్టిన రెండున్నర సెకన్లను అతి సూక్ష్మంగా కొలుస్తారు. చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడని తెలిసింది ఆ కొలతలతోనే.