ఉగ్గుగిన్నెలోకి దినుసులు ఎలా వచ్చాయి?

గలగలా ఆపకుండా మాట్లాడేవాళ్లను చూస్తే మన నోట వచ్చే మాట: "చిన్నప్పుడు నీకు వస ఎక్కువ పోశారా ఏంటి?" వస పోస్తే మాటలు తొందరగా వస్తాయని, నాలుక బాగా తిరుగుతుందని నమ్మకం. ఆముదపు దీపం మీద వసకొమ్మును నల్లగా కాల్చి, సాన మీద తల్లిపాల చుక్కతో రెండు చుట్లు అరగదీసి, ఆ గంధాన్ని వేలితో బిడ్డ నాలుకకు రాసేవారు. అప్పటికి బిడ్డకు నెల కూడా నిండి ఉండకపోవచ్చు. అంటే మన ఇళ్లలో పసినోటికి తగిలిన మొదటి ఘాటు దినుసు అన్నంతో పాటు రాలేదు. అన్నానికి నెలల ముందే, మందుగా వచ్చింది.

ఈ సంగతి పట్టుకుంటే ఆరో నెలలో ఇంటింటా జరిగే వాదన సగం విడిపోతుంది. ఉగ్గులో వాము, జీలకర్ర, నాలుగు మిరియాలు పడాల్సిందే అంటుంది అమ్మమ్మ. ఏడాది దాకా ఉప్పు కూడా వద్దంటారు డాక్టరు. మధ్యలో తల్లికి టెన్షన్. అమ్మమ్మ మాట్లాడేది అరుగుదల మందు గురించి, డాక్టరు మాట్లాడేది ఆహారం గురించి. గిన్నె ఒకటే కాబట్టి గొడవ.

అసలు ఉగ్గు అనే మాటే ఈ రెండింటి మధ్య జరుగుతూ వచ్చింది. పాత వాడుకలో ఉగ్గు పోయడం అంటే తల్లిపాలలో ఆముదమో, అరగదీసిన మందో కలిపి ఉగ్గుగిన్నె మూతితో బిడ్డ నోట్లో పోయడం. "ఉగ్గుపాలతో అబ్బింది" అనే నానుడి ఆ పాలదే. ఇవాళ ఉగ్గు అంటే బియ్యం, పప్పులు వేయించి పొడి కొట్టించి కాచే జావ. మందు పేరు ఆహారానికి వచ్చింది, దాంతో పాటు మందు దినుసులూ వచ్చి జావలో చేరాయి.

అన్నప్రాశన సంగతి వేరు. ఇంట్లో జరిపే సంస్కారాలు చెప్పే పాత గ్రంథం ఆశ్వలాయన గృహ్యసూత్రం ఆరో నెలలో పెరుగు, తేనె, నెయ్యి కలిపిన అన్నం తినిపించమంటుంది. ఆయుర్వేద గ్రంథమైన సుశ్రుత సంహిత కూడా ఆరో నెలే చెప్పింది. అన్నం లఘువుగా, హితంగా ఉండాలంది. పిల్లల వైద్యం చెప్పే కాశ్యప సంహిత ఇంకా నిదానం: ఆరో నెలలో పళ్లు, పదో నెలలో అన్నం. ఘాటు దినుసులు కనిపించేది ఇదే కాశ్యప సంహితలోని లేహాధ్యాయంలో. బ్రాహ్మి, త్రిఫల, వస, శతపుష్ప లాంటివాటిని తేనె, నెయ్యితో నాకించే పద్ధతులు అక్కడ ఉన్నాయి. ముద్ద ఒక చోట, మందు ఒక చోట. ఈ విభజన పాతవాళ్లకు మనకంటే స్పష్టంగా ఉందని నాకు అనిపిస్తుంది.

శతపుష్ప అంటే సోయకూర గింజ అని చెబుతారు. అదే గింజ నూనె మరో దారిలోనూ మన ఉయ్యాలల దాకా వచ్చింది. 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అనే మందుల తయారీదారు సోయకూర గింజల నూనె, వంటసోడా, చక్కెర, కాస్త ఆల్కహాలు కలిపి గ్రైప్ వాటర్ తయారు చేశాడు. మూడు తరాల ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు సిఫారసు చేసుకునే ఆ ప్రకటన మన పాత టీవీ ప్రేక్షకులకు ఇంకా గుర్తుండే ఉంటుంది. ఏడ్చే బిడ్డ ఊరుకోవడంలో సోయకూర గింజ వాటా ఎంతో, ఆల్కహాలు వాటా ఎంతో! బ్రిటన్‌లో ఆ ఆల్కహాలును తీసేసింది 1990ల్లో.

మిరప కథ దీనికి పూర్తిగా ఎదురు. మిరపకాయ అమెరికా ఖండాల మొక్క. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో గోవా తీరానికి వచ్చింది. అంతకుముందు మన వంటింట్లో కారమంటే మిరియం, శొంఠి, పిప్పలి. మిరపకు పేరు పెట్టడానికి కూడా మిరియమే దిక్కయింది. ఆ తర్వాత మిరప మన కూరల్నీ, పచ్చళ్లనీ, గుంటూరు పొలాల్నీ ఆక్రమించింది గానీ రెండు గిన్నెల్ని మాత్రం వదిలేసింది. ఒకటి బాలింత కంచం, రెండోది పసిబిడ్డ ఉగ్గుగిన్నె. బాలింతకు చాలా ఇళ్లలో ఇప్పటికీ మొదటి రోజుల్లో మిరియాల చారు, నేతిలో వేయించిన వెల్లుల్లి రేకలు, శొంఠి, వాము, కాయం ముద్ద. ఉగ్గులో జీలకర్ర, వాము, మిరియం. ఊరంతా ఎర్ర కారం తినే చోట కూడా ఈ రెండు గిన్నెల్లో ఐదు వందల ఏళ్ల కిందటి వంటిల్లు ఇంకా ఉంది.

ఆ వెల్లుల్లి గురించి ఒక ముచ్చట. తల్లి తిన్నది పాలలో తెలుస్తుందని మన పెద్దవాళ్లు అనేవారు కదా. 1991లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, మోనెల్ పరిశోధన కేంద్రంలో మెన్నెల్లా, బోషాం అనే శాస్త్రవేత్తలు పాలిచ్చే తల్లులకు వెల్లుల్లి క్యాప్సూళ్లిచ్చి చూశారు. పాలకు వాసన వచ్చింది. పిల్లలు మానేయలేదు సరికదా, రొమ్ము దగ్గర ఇంకాసేపు ఉన్నారు. 1995లో అదే కేంద్రం ఉమ్మనీటిలోకి కూడా ఆ వాసన చేరుతుందని చూపింది. అంటే మన బాలింత పథ్యం తిన్న తల్లి బిడ్డకు ఆరో నెలలో వెల్లుల్లి వాసన కొత్తదేమీ కాదు. 'పసివాళ్ల నాలుకకు చప్పిడే నచ్చుతుంది' అనేది మనం ఊహించుకున్నదే.

మందు వైపు మాత్రం లెక్క మారింది. వసలో ఉండే బీటా అసరోన్ అనే రసాయనం ఎలుకల్లో కణితులు తెచ్చిందని 1968లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ వసను ఆహారంలో వాడకుండా నిషేధించింది. కడుపునొప్పికి ఇంగువ మందు పట్టిన ఐదు వారాల పసివాడికి రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితి వచ్చి ఒళ్లు నీలం తిరిగిన ఉదంతం 1984లో పిల్లల వైద్య పత్రికలో వచ్చింది. నిద్రకు అరగదీసే జాజికాయ మోతాదు మించితే విషమే. తేనె సంగతి 1976లో కాలిఫోర్నియాలో పసిపిల్లల బోటులిజం, అంటే సూక్ష్మజీవి విషంతో ఒళ్లు చచ్చుబడే జబ్బు, బయటపడ్డాక తేలింది. అందుకే ఏడాది లోపు తేనె వద్దంటున్నారు, గృహ్యసూత్రంలో ఉన్నా సరే. ఇక 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నాలుగు నుంచి ఆరు నెలలు అన్న పాత మాటను మార్చి, ఆరు నెలలూ తల్లిపాలు తప్ప ఏమీ వద్దంది. వాము నీళ్లు, వస, జాజికాయ, ఆఖరికి మంచినీళ్లు కూడా అందులోకే వస్తాయి. అమ్మమ్మల జాబితాలో డాక్టర్లు కొట్టేసింది చాలావరకు ఆరో నెల లోపుదే.

ఆరో నెల తర్వాతి జావలో చిటికెడు జీలకర్రతో ఎవరికీ పెద్ద పేచీ లేదు. ఉప్పుతో ఉంది, ఎందుకంటే పసి మూత్రపిండాలు దాన్ని మోయలేవు. బ్రిటన్ ఆరోగ్య సేవల లెక్క ప్రకారం ఏడాది లోపు బిడ్డకు రోజు మొత్తం మీద 1 గ్రాముకు లోపే ఉండాలి. ఇంటి చారు, పప్పు తేట నుంచి తీసి అన్నంలో కలిపితే దినుసు కంటే ముందు ఉప్పే వెళుతుంది. బిడ్డ ముద్ద తీశాకే కుండలో ఉప్పు వేయాలి, చిన్న సంగతే.

ప్రభుత్వ ఆహారం మాత్రం దినుసుల జోలికే పోలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన హైదరాబాద్ మిక్స్‌లో 40 గ్రాముల గోధుమ, 16 గ్రాముల శనగపప్పు, 10 గ్రాముల వేరుశనగ, 20 గ్రాముల బెల్లం ఉంటాయి. తెలంగాణ అంగన్‌వాడీల్లో ఇచ్చే బాలామృతమూ గోధుమ, శనగ, పాలపొడి, నూనె, చక్కెరలే. పోషణ లెక్కకు ఇవి చక్కనివే. రుచి లెక్కలో మాత్రం ఊరి పిల్లలకు మొదటి రుచి తీపి అయిపోయింది. అమ్మమ్మ జావలో వాము వాసన ఉండేది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పటి అసలు భయం దినుసుది కాదు, పొడిది. బంగ్లాదేశ్‌లో 1980ల్లో వరదలకు తడిసి రంగు చచ్చిన పసుపు కొమ్ములకు సీసం ఉన్న పసుపుపచ్చ రంగు పూయడం మొదలైంది. గర్భిణుల రక్తంలో సీసం ఎక్కడిదని వెతికిన పరిశోధకులు చివరికి పసుపు డబ్బా దగ్గర తేలారు. 2019లో బజారు పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం కనిపించింది. దాడులు, జరిమానాలు, ప్రచారం తర్వాత 2021కి అది సున్నాకు వచ్చింది. అమెరికాలో 2023 అక్టోబరులో దాల్చినచెక్క కలిపిన ఆపిల్ గుజ్జు పాకెట్లు వెనక్కి రప్పించారు. నార్త్ కరోలినాలో కొందరు పిల్లల రక్తపరీక్షల్లో సీసం ఎక్కువగా కనిపించడంతో తీగ దొరికింది. డొంక దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్‌లో పొడి చేసిన దాల్చినచెక్క దగ్గర కదిలింది. అనుమానిత కేసులతో కలిపి 500 దాటాయి. అమెరికాలోని తెలుగు ఇళ్లలో అమ్మమ్మ సూట్‌కేసులో తెచ్చిన ఉగ్గుపొడిని అనుమానంగా చూసి, సూపర్‌మార్కెట్ పాకెట్‌ను నమ్మినవాళ్లు ఉండే ఉంటారు. పసిమెదడుకు సీసం ఎంతైనా ఎక్కువే. కొమ్ము కొని ఇంట్లో దంచుకున్న పసుపు, గింజగా కొని వేయించుకున్న జీలకర్ర మేలు అనేది చాదస్తం కాదు.

మా ఇంట్లో దెబ్బతిన్నది ఇంకో చోట. పాపకు ఏడో నెల. అర కిలో బియ్యం, గుప్పెడు కందిపప్పు, గుప్పెడు పెసరపప్పు, చెంచాడు జీలకర్ర, అర చెంచా వాము, నాలుగు మిరియాలు విడివిడిగా దోరగా వేయించి అమ్మ మరకు పంపింది. పొడి తెల్లగా, కమ్మటి వాసనతో వచ్చింది. పలచగా జావ కాచి మూడో చెంచా పెట్టేసరికి పాప ముఖం ఎర్రబడి ఒకటే ఏడుపు. మిరియాలు ఎక్కువయ్యాయని అమ్మ మీద విసుక్కున్నాను. ఒక చెంచా నేను నోట్లో వేసుకుంటే గొంతు మండింది. మిరియం మంట కాదది, ఎండుమిరప మంట. మాకు ముందు ఎవరివో మిరపకాయలు ఆడారట, మరలో గుప్పెడు బియ్యం వేసి తిప్పకుండానే మా గింజలు పోశారట. మిరప మంట నీళ్లతో పోదు, పాలతో కాస్త తగ్గుతుంది. పాపను రొమ్ముకు పట్టాకే ఊరుకుంది. నాలుగు వందల ఏళ్లు గడప అవతలే ఆగిన మిరప, మా ఇంట్లో మరలోంచి దూరింది.

ఆ తర్వాత ఇంట్లో పద్ధతి మారింది. ఉగ్గుపొడి మిక్సీలో, కారం పట్టని చిన్న జార్‌లో ఆడుతున్నాం. మొదటి రెండు వారాలు ఉత్త బియ్యం, పెసరపప్పు. తర్వాత జీలకర్ర ఒక్కటే, మూడు రోజులు. దద్దుర్లు, వాంతులు, విరేచనాలు లేకపోతే వాము. డాక్టరు సలహా మీద మిరియం తొమ్మిదో నెలకు వాయిదా వేశాం. ఇంగువలో గోధుమపిండి కలుస్తుందని డబ్బా మీద చదివాక, గోధుమ అలవాటయ్యేదాకా అదీ పక్కన పెట్టాం. పోపు ఆవాలు గొంతుకు అడ్డం పడతాయి, పైగా ఆవ కొందరికి పడదు. యూరప్‌లో దాన్ని పాకెట్ల మీద తప్పక రాయాల్సిన పద్నాలుగు అలర్జీ పదార్థాల్లో చేర్చారు. కాబట్టి పోపు పెట్టినా వడగట్టిన తేటే.

వసకొమ్ము మాత్రం అమ్మ పారేయలేదు. బియ్యం డబ్బాలో పురుగు పట్టకుండా వేసింది.