వెండి కాసు మీది అంకెకు పూచీ ఎవరిది?

తిరుపతి గాంధీ రోడ్డులో నగల దుకాణానికి వెళ్లి వెండి కాసు అడిగితే శ్రీవారి రూపుతోనో లక్ష్మీదేవి బొమ్మతోనో ఒకటి చూపిస్తారు. ముడుపుకు, వరలక్ష్మీ వ్రతానికి, బారసాలకు జనం కొనేది వీటినే. మీద 999 (వెయ్యి పాళ్లలో 999 పాళ్లు వెండి) అని ఉంటే చాలామంది అది ప్రభుత్వ ముద్రే అనుకుంటారు. కాదు. తయారీదారు వేసుకున్న అంకె అది. కిలో వెండి లక్ష రూపాయలు దాటిపోయిన రోజుల్లో ఆ అంకెకు జవాబుదారీ ఎవరో తెలియాల్సిందే. ఒకప్పుడు నాణెం ముద్రించిన సర్కారే జవాబు చెప్పేది. ఆ కథ మన పొరుగున తమిళనాడులో ఉన్న ఆర్కాటు మీదుగా సాగింది.

మొదట ఇది బంగారు నాణేల సీమ. విజయనగర కాలంలో పెద్ద లెక్కలన్నీ వరహాలనే బంగారు నాణేల్లోనే; తార అనే చిన్న వెండి నాణెం చిల్లర కింద చెల్లేది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు తిరుమలలో 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం చేయించాడు. వెండి రూపాయి ఇక్కడ పాతుకుపోయింది మొఘలుల తర్వాత, ఆర్కాటు నవాబుల హయాంలో.

చిక్కూ అక్కడే మొదలైంది. ఆర్కాటు రూపాయి వేసుకునే హక్కు 1736లో పాండిచ్చేరి ఫ్రెంచివారికి, 1742లో మద్రాసులోని ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి దక్కింది. ఆర్కాటు పేరున్నంత మాత్రాన నాణెం ఆర్కాటుదే అనుకోవడానికి లేకుండా పోయింది. అందుకే నాణేలు పరీక్షించి మార్చే షరాబు ప్రతి రూపాయినీ తూచి, గీటి చూసి, ఒక్కోసారి అంచున చిన్న ముద్ర కొట్టి, వట్టం (విలువలో కోత) పట్టుకున్నాకే తీసుకునేవాడు. శిస్తు కట్టే రైతుకు తన చేతిలోని రూపాయి నిజంగా ఎంతకు చెల్లుతుందో ముందుగా తెలిసేది కాదు. ఈ అన్యాయం గురించి మన చరిత్ర పుస్తకాలు చెప్పేది చాలా తక్కువ.

1801లో ఆర్కాటు నవాబుల కర్ణాటక రాజ్యం కంపెనీ చేతికి వచ్చింది. 1818లో మద్రాసు సర్కారు వరహాను పక్కనపెట్టి వెండి రూపాయినే ప్రమాణం చేసింది. 100 వరహాలకు 350 రూపాయలు. 1835 చట్టంతో కంపెనీ ఏలుబడి మొత్తానికీ ఒకే రూపాయి ఖాయమైంది: బరువు 180 గ్రెయిన్లు (అప్పటి చిన్న తూకం), అందులో మేలిమి వెండి 165. అంటే 12 పాళ్లలో 11, వందకు 91.67. మిగతా పాలు రాగి లాంటి కల్తీ లోహం. అది దొంగతనంగా కలిపింది కాదు. మేలిమి వెండి మెత్తన, చేతులు మారేకొద్దీ త్వరగా అరిగిపోతుంది.

ఆ పాళ్లు సరిగ్గా పడ్డాయో లేదో టంకశాలలో మచ్చు తీసి చూసేవారు. పాత పద్ధతిలో మచ్చును సీసంతో కలిపి ఎముకల బూడిదతో చేసిన మూసలో కరిగిస్తారు. సీసం, రాగి మూసలోకి ఇంకిపోయి వెండి గుండు ఒక్కటే మిగులుతుంది. రెండు తూకాల తేడాయే కల్తీ లెక్క. జనానికి ఈ నాణెం మీద ఎంత నమ్మకం కుదిరిందంటే 'రూపాయి ఎత్తు' అంటే తులం అయిపోయింది, దానితోనే బంగారం తూచుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధం ఆ నమ్మకాన్ని తినేసింది. 1940లో రూపాయిలో వెండిని సగానికి దించారు. 1941–43 మధ్య పాత మేలు రూపాయలు చెలామణీకి దూరమయ్యాయి. 1947కి రూపాయి నికెల్‌ది అయింది. మీ ఇంట్లో ఆరో జార్జి రూపాయి ఉంటే సంవత్సరం చూడండి: 1940–45 నాటిదైతే అందులో వెండి సగమే. మేలు వెండి ఉన్న విక్టోరియా రూపాయి ధర చెప్పి దాన్ని అంటగట్టేవాళ్లున్నారు, జాగ్రత్త.

సర్కారు స్మారక నాణేల్లోనూ ఒకే లెక్క లేదు. 1969 గాంధీ శతజయంతి పది రూపాయల నాణెంలో వందకు 80 పాళ్లు వెండి. 2023లో వచ్చిన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెంలో 50. మిగతాది రాగి, నికెల్, జింకు. కాకపోతే ఆ పాళ్లు ముందే ప్రకటిస్తారు, గెజిట్‌లో ఉంటాయి. దుకాణంలో కొనే కాసుకు ఆ రక్షణ లేదు, ఎందుకంటే చట్టం దృష్టిలో అది నాణెమే కాదు.

బంగారు నగలకు 2021 నుంచి దశలవారీగా హాల్‌మార్క్ (స్వచ్ఛత పరీక్షించాక వేసే అధికారిక ముద్ర) తప్పనిసరి చేశారు. వెండికి 2005 నుంచి హాల్‌మార్క్ ఉన్నా అది ఐచ్ఛికమే. 2025 సెప్టెంబరు 1న ప్రతి వస్తువుకూ విడిగా ఇచ్చే ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య, హెచ్‌యూఐడీ వచ్చింది, అదీ ఐచ్ఛికమే. దేవుడి పేరు మీద ఇంత వెండి అమ్ముడయ్యే తిరుపతిలో అయినా దాన్ని తప్పనిసరి చేయాలి. అప్పటివరకు బిల్లులో బరువుతో పాటు స్వచ్ఛత అంకె కూడా రాయించుకోండి. రాయనంటే ఆ కాసు కొనకండి.