పాతకాలపు సొరుగుల బీరువాలు: అపోహలు, వాస్తవాలు

పాత చెక్క సామాను బాగుచేసే వృత్తిలో ఉన్నవారు సొరుగుల బీరువాను పరిశీలించేటప్పుడు ముందుగా చేసే పని, ఒక సొరుగును పూర్తిగా బయటికి తీసి బోర్లించడం. కొనదలచినవారు మాత్రం ముందుభాగపు మెరుపును, పిడుల అందాన్ని చూసి నిర్ణయానికి వస్తారు. ఈ వస్తువు గురించి వ్యాపించిన అపోహల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది. ఎవరూ చూడరనుకుని వడ్రంగి నున్నగా చేయకుండా వదిలేసిన చోట్లే బీరువా వయసును, దానికి తరువాత జరిగిన మార్పులను, అది తట్టుకోగల వాడకాన్ని తెలియజేస్తాయి.

అపోహ: వెనీర్ (పలుచగా కోసిన చెక్క పొర) అతికించిన బీరువా నాసిరకం; మేలైన పాత సామానంతా గట్టి చెక్కతోనే చేసి ఉంటుంది.

వాస్తవం: ఇంతగా పాతుకుపోయిన అపోహ మరొకటి లేదు. 17వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో ఇంగ్లండులో తయారైన ఖరీదైన సొరుగుల బీరువాల్లో ఎక్కువభాగం పైన్ లేదా ఓక్ చట్రం మీద వాల్‌నట్ పొరను అతికించినవే. దానికి కారణం పొదుపు ఒక్కటే కాదు. చెట్టు కాండం మీద కణితిలా పెరిగిన భాగంలో నార సుడులు తిరిగి ఎంతో అందంగా ఉంటుంది గాని, దానిని మందపాటి పలకగా కోస్తే వంకర్లు పోయి పగులుతుంది. పలుచగా కోసి, నిలకడైన చెక్కకు అతికిస్తే తప్ప ఆ అందం నిలవదు. ఒకే దుంగ నుంచి వరుసగా కోసిన పొరలను పక్కపక్కన తిప్పి అమర్చి, నాలుగు వైపులా ఒకే నమూనా వచ్చేలా చేయడానికి గట్టి చెక్క పనికంటే ఎక్కువ నేర్పు కావాలి. 1721లో బ్రిటన్ తన అమెరికా వలసల నుంచి వచ్చే కలపపై సుంకం ఎత్తివేశాక మహాగనీ వాడకం పెరిగింది. అయినా మేలైన మహాగనీ బీరువాల్లో సొరుగుల ముందుభాగాలకు పొర అతికించడం ఆగలేదు.

కాబట్టి అడగవలసిన ప్రశ్న పొర ఉందా లేదా అని కాదు, అది ఎంత మందంగా ఉంది, ఎక్కడైనా లేచిందా అని. చేతిరంపంతో కోసిన పొర సుమారు రెండు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 19వ శతాబ్దం తొలినాళ్లలో యంత్రపు రంపాలు వచ్చాక అది క్రమంగా పలుచబడి, చివరికి మిల్లీమీటరు కంటే తక్కువకు దిగింది. అంచు పెచ్చు లేచిన చోట ఈ తేడా కంటికే కనిపిస్తుంది. గోటితో మెల్లగా తడుతూ పోతే జిగురు వదిలిన చోట బోలుగా శబ్దం వస్తుంది. ఆనాటి జిగురు జంతువుల తోలు, ఎముకలు కాచి తీసినది కనుక తేమకు, వేడికి మెత్తబడుతుంది. అందువల్ల లేచిన పొరను మళ్లీ అతికించడం సాధ్యమే. నిజమైన చిక్కు, ఇంట్లో ఎవరో ఆ సందులో ఆధునిక తెల్ల జిగురు పోసినప్పుడు మొదలవుతుంది. దానిని తొలగించడానికి పట్టే సమయం అసలు మరమ్మతుకు పట్టే సమయం కంటే ఎక్కువ.

అపోహ: పుచ్చు రంధ్రాలు ఉంటే అది తప్పకుండా పాతదే.

వాస్తవం: చెక్కను తొలిచే పురుగు వయసు చూసి తినదు. సామానులో తరచుగా కనిపించే రకం చేసే రంధ్రాలు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల వెడల్పున గుండ్రంగా ఉంటాయి. లార్వా చెక్క లోపలే కొన్నేళ్లపాటు సొరంగాలు తవ్వుతూ పెరిగి, పెద్దదయ్యాక పైకి తొలుచుకుని ఎగిరిపోతుంది. మనకు కనిపించే రంధ్రం అది బయటికి వచ్చిన ద్వారం మాత్రమే. అందుచేత ఒక పలక ఉపరితలం మీద రంధ్రాలకు బదులు పొడవాటి కాలువల్లాంటి గాళ్లు బయటపడి ఉంటే, పురుగు పట్టిన తరువాత ఆ చెక్కను కోశారని, అంటే పాత కలపతో కొత్త వస్తువు చేశారని అనుమానించాలి. పుచ్చు ఇంకా సజీవంగా ఉందో లేదో తెలుసుకోవాలంటే బీరువా కింద ముదురు రంగు కాగితం పరిచి, వేసవి గడిచేవరకు గమనించండి. లేత రంగు పొడి కొత్తగా రాలితే ఆ బీరువాను మిగతా సామాను నుంచి వేరుచేసి చికిత్స చేయించాలి. పాత, మురికి నిండిన రంధ్రాలను చూసి భయపడనవసరం లేదు.

అపోహ: సొరుగు మూలల్లో డవ్‌టెయిల్ జాయింట్ (పావురం తోక ఆకారపు పళ్లు ఒకదానిలో ఒకటి ఇమిడే అతుకు) ఉంటే అది చేతిపని, పాతకాలపుది.

వాస్తవం: 19వ శతాబ్దపు రెండవ సగం నుంచి యంత్రాలు కూడా డవ్‌టెయిళ్లు కోస్తున్నాయి, అవి ఒకే వెడల్పుతో, ఒకే ఎడంతో ఉంటాయి. చేతితో కోసినవాటిలో చిన్న హెచ్చుతగ్గులు, వడ్రంగి గీసుకున్న గీటు కనిపిస్తాయి. మరీ పాత సొరుగులకు రెండు మూడు లావుపాటి జాయింట్లు, లేదా కేవలం మేకులు మాత్రమే ఉంటాయి. వాటి పక్క పలకల్లో గాడి తీసి, చట్రానికి కొట్టిన బద్దె మీద నడిపేవారు. ఇంగ్లిష్ సొరుగుల అడుగు పలక నార 18వ శతాబ్దం తొలి దశాబ్దాల వరకు ముందు నుంచి వెనక్కు పోయేది, ఆ తరువాత పక్క నుంచి పక్కకు మారింది. వెనుక పలకల మీద వంపు తిరిగిన రంపపు గీతలుంటే అది గుండ్రటి రంపం వాడుకలోకి వచ్చిన 19వ శతాబ్దపు లేదా ఆ తరువాతి పని. వీటిలో ఏ ఒక్కటీ తనంతట తానుగా తీర్పు చెప్పదు. అన్నీ ఒకే కాలాన్ని చూపుతున్నాయా అన్నదే పరీక్ష.

అపోహ: పిడులు, కాళ్లు మార్చి ఉంటే ఆ బీరువాకు విలువ లేదు.

వాస్తవం: పిడులు ఫ్యాషన్‌ను బట్టి మారుతూ వచ్చాయి. సొరుగు ముందు పలకను లోపలి వైపు నుంచి చూస్తే పూడ్చిన పాత రంధ్రాలు కనిపిస్తాయి. తడి నేల మీద నిలిచిన కాళ్లు కుళ్లడం సహజం. ఇటువంటి మార్పులను నేను లోపాలుగా లెక్కించను, దాచకుండా చెబితే చాలు. జాగ్రత్త పడవలసినది రెండంతస్తుల పొడవాటి బీరువాను విడదీసి రెండుగా అమ్మే పద్ధతి విషయంలో. పై అంతస్తు మీది పలక కంటి ఎత్తుకు పైన ఉంటుంది కనుక దానిని ఆనాడు మెరుగు పెట్టకుండా వదిలేసేవారు. తరువాతి కాలంలో దాని మీద కొత్త పొర అతికించి, కింద కొత్త కాళ్లు తగిలిస్తే పొట్టి బీరువాగా చలామణి అవుతుంది. పై పలక చెక్క, పక్క పలకల చెక్క, సొరుగుల ముఖాల చెక్క ఒకదానితో ఒకటి పోలి ఉన్నాయో లేదో పగటి వెలుగులో చూడాలి.

అపోహ: తయారీదారు ముద్ర లేకపోతే నకిలీ.

వాస్తవం: ముద్ర తప్పనిసరి అన్న నియమాన్ని పారిస్ వడ్రంగుల సంఘం 1743లో చేసి 1751 నుంచి అమలు చేసింది, అక్కడ కూడా రాజు కొలువులోని పనివారికి మినహాయింపు ఉండేది. ఇంగ్లిష్ బీరువాల్లో అత్యధికభాగానికి ఏ పేరూ ఉండదు. ‘చిప్పెన్‌డేల్’ (18వ శతాబ్దపు ప్రసిద్ధ ఇంగ్లిష్ సామాను తయారీదారు పేరు) అని రాసిన చీటీ సాధారణంగా శైలిని మాత్రమే సూచిస్తుంది.

అపోహ: పాత చెక్కకు నూనె పట్టిస్తే పోషణ అందుతుంది.

వాస్తవం: చెట్టు నరికిన తరువాత చెక్క దేనినీ తినదు. అవిసె నూనె గాలి తగిలి గట్టిపడి, ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడి, దుమ్మును పట్టుకుని, చివరకు తీయడానికి వీల్లేని పొరగా మారుతుంది. సిలికోన్ కలిసిన స్ప్రేలు ఆ తరువాత ఎవరైనా పాలిష్ చేయబోతే అది అంటుకోకుండా చేస్తాయి. మెత్తని పొడి గుడ్డతో దుమ్ము తుడవడం, ఏడాదికి ఒకటి రెండుసార్లు తేనెమైనం పలుచగా రాసి రుద్దడం సరిపోతాయి.

చెక్క పగలడానికి కారణం పోషణ లోపం కాదు, గాలిలో తేమ తరచుగా, హఠాత్తుగా మారడం. చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. నార పొడవునా దాదాపు కదలదు. పక్క పలకకు లోపల అడ్డంగా బిగించిన బద్దెలు ఆ కదలికను అడ్డుకున్నప్పుడు పలక నిలువునా చీలుతుంది. హీటరు పక్కన గాని, ఏసీ గాలి నేరుగా తగిలే చోట గాని బీరువాను నిలబెట్టకూడదు.

అపోహ: సొరుగు బిగిసిపోతే చిత్రిక పట్టాలి.

వాస్తవం: వాన రోజుల్లో బిగిసిన సొరుగు పొడి రోజుల్లో వదులవుతుంది, అప్పుడు తీసిన చెక్క మళ్లీ రాదు. ముందుగా కొవ్వొత్తిని సొరుగు అడుగు అంచులకు, లోపలి బద్దెలకు రుద్ది చూడండి. అప్పటికీ కదలకపోతే, అరిగిన బద్దె వల్ల సొరుగు కిందికి వాలి ముందు పట్టీని ఒరుసుకుంటూ ఉండవచ్చు. అక్కడ మార్చవలసినది బద్దె.

అపోహ: పాత పూత గీకేస్తే అసలు రూపం బయటపడుతుంది.

వాస్తవం: పైన్ బీరువాలకు తొలినాటి నుంచే రంగు వేసేవారు, నేడు కనిపించే ఉత్త పైన్ రూపం చాలావరకు తరువాతి అభిరుచి. కాస్టిక్ సోడా తొట్టిలో ముంచితే రంగుతో పాటు జాయింట్లలోని జిగురు కూడా వదిలిపోతుంది. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కనుక ఉప్పుకాగితంతో పొడిగా రుద్దడం ఆరోగ్యానికి ప్రమాదం.

అపోహ: ఇంతకాలం నిలిచినది కనుక ఎలాగైనా వాడవచ్చు.

వాస్తవం: బట్టలు దాచుకోవడానికే చేశారు కాబట్టి అందుకు నిస్సంకోచంగా వాడండి. అయితే 19వ శతాబ్దం నుంచి వాడుకలో ఉన్న లక్క పాలిష్ ఆల్కహాలులో కరుగుతుంది. సెంటు సీసా, శానిటైజరు పైబల్ల మీద పెట్టినవారికి ఆ మచ్చ ఎందుకు పడిందో అర్థం కాదు. ఓక్ సొరుగుల్లో సీసపు నాణేలు, పతకాలు దాచకూడదు, ఆ చెక్క నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తినేస్తుంది. జరపవలసి వస్తే సొరుగులు తీసి, వాటి వరుస గుర్తుపెట్టుకుని, చట్రాన్ని అడుగు నుంచి ఎత్తాలి. పైబల్ల అంచు పట్టుకుని లేపితే అది ఊడి చేతిలోకి వస్తుంది.

చిన్నపిల్లలున్న ఇంట్లో మరొక జాగ్రత్త అవసరం. బట్టల బీరువాలు ముందుకు ఒరగకుండా చేసే తప్పనిసరి ప్రమాణం అమెరికాలో 2023 సెప్టెంబరు 1 నుంచి తయారైన వాటికి అమలులోకి వచ్చింది. పాతకాలపు బీరువాను ఆ దృష్టితో ఎవరూ తయారుచేయలేదు. తెరిచిన కింది సొరుగు మీద పిల్లవాడు కాలు పెడితే అది మీదికి పడగలదు. గోడకు కట్టే పట్టీని పలుచని వెనుక పలకకు కాకుండా చట్రపు పైభాగంలోని మందపాటి బద్దెకు, బీరువా లోపలి వైపు నుంచి చిన్న స్క్రూలతో బిగించాలి. రెండు మూడు రంధ్రాల వల్ల దాని విలువేమీ తగ్గదు.