పక్షి బ్యాడ్జి ఉన్నంత మాత్రాన మాండరిన్ కాదు: చైనా వలసదారుల పాత ఫొటోలపై అపోహలు - వాస్తవాలు

పాత ఫొటోలు చూసి వాటి వివరాలు రాసిపెట్టడం నా పని. అందులో ఎక్కువ తలనొప్పి తెచ్చేది ఒక రకం ఫొటో. 19వ శతాబ్దంలో సిడ్నీకో, సింగపూర్‌కో, పెనాంగ్‌కో వలస వెళ్లిన చైనా మనిషి కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంటాడు, ఛాతీ మీద పక్షి బొమ్మ కుట్టిన చదరపు బ్యాడ్జి, మెడలో పొడవాటి పూసల దండ, టోపీ కొసన ఒక గుండీ. నెట్‌లో ఇలాంటిది కనిపిస్తే చాలు, కింద "చైనా మంత్రి" అనో "గవర్నర్" అనో "మాండరిన్" (చైనా చక్రవర్తి కొలువులోని అధికారి) అనో ఎవరో ఒకరు రాసేస్తారు, అది ఇంకో పది చోట్లకు పాకుతుంది.

అపోహ: ఆ దుస్తులు వేసుకున్నాడంటే అప్పట్లో చైనాను ఏలిన చింగ్ రాజవంశం ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగి.

హోదా వేరు, ఉద్యోగం వేరు. చింగ్ పాలకులు (1644–1912) హోదాలను డబ్బుకు అమ్మేవాళ్లు. 19వ శతాబ్దం మధ్యలో తైపింగ్ తిరుగుబాటుతో ఖజానా ఖాళీ అయ్యాక ఇది బాగా పెరిగింది, కరువు సాయానికి విరాళాలిచ్చిన విదేశాల్లోని వ్యాపారులకూ హోదాలు దక్కాయి. "ఓహో, అయితే దొంగ హోదా అన్నమాట" అనుకోకండి, ఇదీ తప్పే. పత్రంతో సహా వచ్చిన, చట్టం ఒప్పుకున్న గౌరవమే అది. కాకపోతే దాంతో పాటు కుర్చీ, జీతం, జిల్లా రావు. తల్లిదండ్రులకూ తాతలకూ, చనిపోయినవాళ్లకు కూడా, ఇలాంటి గౌరవం సంపాదించిపెట్టొచ్చు. అందుకే జీవితమంతా కొట్టు నడిపిన మనిషి కూడా చిత్రంలో అధికారిలా కూర్చుని ఉంటాడు.

సిడ్నీ టీ వ్యాపారి మే క్వాంగ్ టార్ట్ దీనికి మంచి ఉదాహరణ. 1850లో పుట్టి, తొమ్మిదేళ్లకే ఆస్ట్రేలియా వచ్చి, బంగారు గనుల దగ్గర ఒక స్కాట్లాండ్ కుటుంబంలో పెరిగాడు. 1887లో అయిదో శ్రేణి, 1894లో నాలుగో శ్రేణి హోదా వచ్చాయి (మొదటి శ్రేణి అన్నిటికంటే పైది). ఆ దుస్తుల్లో దిగిన ఫొటో చూసి ఆయన చైనాలో పాలన చేసి వచ్చాడనుకుంటారు కానీ, ఆయన నడిపింది టీ హోటళ్లు, చేసింది నల్లమందుకు వ్యతిరేకంగా ప్రచారం. మెల్‌బోర్న్ వ్యాపారి లో కాంగ్ మెంగ్ కూడా 1863లో మాండరిన్ హోదా పొందాడు, పుట్టిందేమో పెనాంగ్‌లో, బ్రిటిష్ పౌరుడు!

నిజంగా పదవిలో ఉన్నవాళ్లూ లేకపోలేదు. 1877లో సింగపూర్‌లో చైనా తన కాన్సులేట్ పెట్టినప్పుడు అక్కడి వ్యాపారి హూ ఆ కే మొదటి కాన్సుల్ (విదేశంలో ఒక దేశం తరఫున పనులు చూసే ప్రతినిధి) అయ్యాడు. అప్పటికే ఆయన రష్యాకీ కాన్సులే, తర్వాత జపాన్‌కీ అయ్యాడు. ఏ ఫొటో ఏ హోదాలో దిగాడో చెప్పమంటే ఎక్కడని చెప్తాం!

అందుకే నేను "అధికారి" అని రాయను, "అధికారిక దుస్తుల్లో ఉన్న వ్యక్తి" అని రాస్తాను. పదవికి వేరే కాగితం దొరికితే అప్పుడు చూద్దాం.

అపోహ: ఇండోనేషియా ఫొటోల్లో "మేజర్", "కెప్టెన్" అని ఉంటే చైనా సైన్యంవాళ్లు.

కాదు. డచ్చివాళ్లు తమ ఏలుబడిలోని ఇండోనేషియాలో ఉన్న చైనా సమాజాన్ని చూసుకోవడానికి ఇచ్చిన పౌర పదవులు అవి. పదవి డచ్చివాళ్లది, ఒంటి మీద బట్టలు మాత్రం చింగ్ వాళ్లవి. కొన్ని ఫొటోల్లో ఆ బట్టల మీదే డచ్చి పతకం కూడా ఉంటుంది.

అపోహ: పక్షి ఏదో చూస్తే ర్యాంకు కచ్చితంగా తెలిసిపోతుంది.

పద్ధతి ఉన్న మాట నిజమే. పౌర అధికారులకు పక్షులు, సైనికాధికారులకు జంతువులు. మొదటి శ్రేణికి సారసం, మూడో శ్రేణికి నెమలి, ఎనిమిదో శ్రేణికి కంజు పిట్ట, ఇలా తొమ్మిది మెట్లు. కానీ బ్యాడ్జి సర్కారు ఇచ్చేది కాదు, ఎవరికి వాళ్లు చేయించుకోవాలి, లేదా దుకాణంలో కొనుక్కోవాలి. శతాబ్దం చివరికొచ్చేసరికి పక్షిని విడిగా కుట్టి అతికించిన బ్యాడ్జిలు వచ్చాయి, పదోన్నతి వస్తే పిట్ట ఒక్కటి మారిస్తే సరిపోతుంది. ఉన్నదానికంటే ఒక మెట్టు పైది తగిలించుకున్నవాళ్లకూ కొదవ లేదు. పైగా పెళ్లి రోజున సామాన్యుడైన వరుడు కూడా చిన్న అధికారిలా దుస్తులు వేసుకోవచ్చని ఆచారం. మన దగ్గర ఆ ఒక్కరోజు పెళ్లికొడుకు సాక్షాత్తు శ్రీమన్నారాయణుడైనట్టే.

పక్షి కంటే ముందు నేను చూసేది బ్యాడ్జి మధ్యలో చీలిక. చింగ్ పై అంగీ ముందు వైపు నిలువునా తెరుచుకుంటుంది కాబట్టి ఛాతీ మీది బ్యాడ్జి రెండు ముక్కలుగా ఉంటుంది, వీపు మీదిది ఒకే ముక్క. ముందు వైపే అతుకు లేకుండా ఉందా, ఆగండి. అది కొరియా అధికారి ఫొటో కావచ్చు, వియత్నాందీ కావచ్చు, నాటకాల వేషమూ కావచ్చు.

అపోహ: టోపీ గుండీ రంగు ఫొటోలో పట్టుకోవచ్చు, ఏఐతో రంగులేయిస్తే ఇంకా తేలిక.

నాకు బీపీ పెంచేది ఇదే. గుండీ రంగే ర్యాంకు చెప్పేది అన్నది నిజం, కెంపు మొదటి శ్రేణికి, పగడం రెండోదానికి, నీలం మూడోదానికి, స్ఫటికం అయిదోదానికి. రాళ్లకు బదులు రంగు గాజు వాడటమూ మామూలే. కానీ ఆ కాలంలో ఫొటో తీసే ప్లేట్లకు నీలి కాంతి బాగా అందేది, ఎరుపు దాదాపు అందేది కాదు. అందుకని ఎర్రటి పగడం ఫొటోలో నల్లగా పడుతుంది, నీలం గుండీ తెల్లగా వెలిసినట్టు కనిపించి స్ఫటికమేమో అనిపిస్తుంది. టోపీ మీద ఎర్ర పట్టు కుచ్చు కూడా నలుపే. బూడిద రంగు చూసి రంగులేసే సాఫ్ట్‌వేర్‌కి ఈ గొడవ ఏం తెలుస్తుంది? నల్లగా ఉన్నదానికి నలుపో గోధుమ రంగో వేస్తుంది, చూసినవాళ్లు దాన్ని పట్టుకుని ర్యాంకు తేల్చేస్తారు. అప్పట్లో స్టూడియోలో చేత్తో వేసిన రంగుల్నీ గుడ్డిగా నమ్మకూడదు. అద్దినవాడి దగ్గర ఏ రంగు ఉందో, వాడికి ఏది బాగుందనిపించిందో అదే వేసి ఉండొచ్చు.

ఇంకో చిక్కు, డాగెరోటైపు, టిన్‌టైపు అనే పాతకాలపు లోహపు రేకు ఫొటోల్లో బొమ్మ అద్దంలోలా కుడి ఎడమలు తారుమారై ఉంటుంది. పక్షి ఎటు చూస్తోందని వాదించుకునే ముందు అది ఏ పద్ధతిలో తీసిన ఫొటోనో చూడండి.

అపోహ: అన్నీ స్టూడియో అద్దె బట్టలే, వేషాలే.

కొన్ని అవును. రేవు పట్టణాల స్టూడియోల్లో తెల్లవాళ్లు సరదాకి మాండరిన్ వేషం కట్టి ఫొటోలు దిగేవాళ్లు. కానీ అన్నిటికీ ఆ ముద్ర వేయడం అన్యాయం. ఒకే స్టూడియో ఫొటోలు వరుసగా పెట్టి చూడాలి. అదే అంగీ, అదే దండ వేర్వేరు మనుషుల మీద కనిపిస్తే అద్దె సంగతి ఆలోచించాలి. చేతులు మింగేసే పొడవాటి అంగీ చేతుల్ని మాత్రం సాక్ష్యంగా తీసుకోకండి, సొంత బట్టల్లోనూ అవి పొడవే.

అపోహ: డ్రాగన్ బట్టల్లో ఉన్న స్త్రీ అంటే రాణి.

అధికారి భార్య భర్త శ్రేణి బ్యాడ్జి పెట్టుకునేది, కిరీటం లాంటిదీ డ్రాగన్ల బట్టా పెళ్లికూతురికీ ఉండేవి. రాణీవాసం దాకా వెళ్లక్కర్లేదు.

అపోహ: చింగ్ దుస్తులు కాబట్టి 1912కి ముందు ఫొటోనే.

రాజ్యం పోయినా బీరువాలో బట్టలు పోలేదు. మలయా తీరంలో తరాలుగా స్థిరపడ్డ చైనా కుటుంబాల పెళ్లిళ్లలో ఆ తరహా దుస్తులు తర్వాత కూడా కొనసాగాయి. ఇవి కాక, పూర్వీకుల చిత్రాల కోసం ఫొటోలోని తలను చిత్రకారుడు గీసిన అధికారిక దుస్తుల మీద అతికించేవాళ్లు. దాన్ని మళ్లీ ఫొటో తీస్తే అతుకు ఒక పట్టాన కనిపించదు. భూతద్దంతో కాలర్ అంచు చూడండి. ముఖం మీద వెలుగు ఒక వైపు నుంచి పడి, బట్ట మీద నీడే లేకపోతే దాదాపు తేలిపోయినట్టే. తేదీ కోసం ఫొటో వెనకాల అట్ట మీద స్టూడియో పేరు, చిరునామా వెతకండి, ఆ స్టూడియో ఆ వీధిలో ఏ సంవత్సరాల్లో ఉందో అప్పటి వ్యాపార డైరెక్టరీల్లో దొరికే అవకాశం ఎక్కువ.